ఢిల్లీ చదివిన పేర్లు

చింతలగరువు చావడి పక్కనున్న రేడియో గది తాళం సాయంత్రం ఆరింటికి తీస్తే సరిపోతుంది. కృపావరం మాత్రం ఆ ఏడు సెప్టెంబరు నుంచి ఐదుంబావుకే తీసేవాడు. ఆరింటికి మద్రాసు స్టేషను పెట్టడం, గది కప్పు మీదున్న లౌడ్‌స్పీకరు గొట్టంలోంచి ఊరికంతటికీ పాటలూ వార్తలూ వినిపించడం, ఎనిమిదింటికి కట్టెయ్యడం, ఇదీ పంచాయతీ అతనికిచ్చిన ఉద్యోగం. ఆ ముందు ముప్పావుగంట ఉద్యోగంలోది కాదు. అప్పుడు గొట్టానికి పోయే తీగ ఊడదీసి, పటాలం నుంచి తెచ్చుకున్న ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, ముల్లును ఢిల్లీ మీదికి జరిపి కూర్చునేవాడు. బయట కిటికీ కింద, గోడకు వీపానించి సాబిరా కూర్చునేది.

పంజాబు రెండు ముక్కలై, అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తుతున్న రోజులవి. ఢిల్లీ రేడియో సాయంత్రం పూట పేర్లు చదివేది. ఫలానా ఊరి ఫలానావాడి కొడుకు ఫలానా క్యాంపులో క్షేమంగా ఉన్నాడు, అతని వాళ్లు ఎక్కడున్నా కబురు చెయ్యండి. ఫలానా పిల్ల రైలు దగ్గర తప్పిపోయింది, ఎవరికైనా కనబడితే తెలపండి. ఒక ఆడమనిషి గొంతు, హిందుస్తానీలో, ఎక్కడా తడబడకుండా, ఒకటి తర్వాత ఒకటి చదువుకుంటూ పోయేది.

ఊళ్లో ఆ భాష తెలిసినవాడు కృపావరం ఒక్కడే. యుద్ధంలో నాలుగేళ్లు సిగ్నల్స్ దళంలో వైర్‌లెస్ పనిచేసి నేర్చుకున్నాడు. సాబిరావాళ్లు దూదేకులవాళ్లు. తాతముత్తాతల నుంచీ పత్తి ఏకడం, పరుపులు కుట్టడం వాళ్ల వృత్తి. అల్లాను తలుచుకునే నాలుగు ముక్కలు తప్పిస్తే ఇంట్లో తెలుగు తప్ప మరో మాట ఎరగరు. ఢిల్లీ గొంతు ఆమె చెవికి పెట్టినా ఆమెకు ఏమీ తెలియదు. అందుకే కిటికీ కింద కూర్చుని, అతను ఇయర్‌ఫోన్లు తీసేదాకా కాచుకుని, లేచి ఊచలు పట్టుకునేది.

"ఏమన్నా చెప్పిందా నాయనా?"

"ఇవాళ లేదు పెద్దమ్మా."

"రేపు చెప్పుద్దిలే."

ఆమె ఒక్కగానొక్క కొడుకు అహ్మద్. భర్త నూర్ మొహమ్మద్ పోయేనాటికి వాడు తొమ్మిదేళ్లవాడు. నలభై రెండులో కృపావరం, అహ్మద్ ఒకేరోజు గుంటూరు వెళ్లి పటాలంలో చేరారు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఒకరింట ఒకరు మంచినీళ్లు తాగి ఎరగరు. పటాలంలో నాలుగేళ్లు ఒకే తట్టలో తిన్నారు. నలభై ఆరులో బయటికొచ్చే ముందు, ఢిల్లీలో ఒక మోటారు షెడ్డులో మేస్త్రీగా ఉన్న దేవదాసు అనే రెంటచింతల మనిషి కృపావరానికి పని ఇస్తానన్నాడు. కృపావరానికి అప్పటికే పెళ్లయింది. రాహేలు ఊళ్లో ఎదురుచూస్తోంది. "నా బదులు వీణ్ణి పెట్టుకో అన్నా. నాకంటే పనిమంతుడు" అని అహ్మద్ భుజం పట్టుకుని ముందుకు నెట్టింది అతనే.

అహ్మద్ ఉత్తరాలన్నీ కృపావరం పేరునే వచ్చేవి. సాబిరా ముంగిట్లో మంచం మీద కూర్చుని అతను చదివి వినిపించేవాడు. ఆఖరిది ఆగస్టు నెలాఖరున వచ్చింది. ఇక్కడ గాలి బాగోలేదు, మా సందులో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, రోడ్డు మీదికి పోవాలంటే భయంగా ఉంది, అమ్మకు ఇవేం చదవొద్దు, బక్రీదుకు వస్తానని మాత్రం చెప్పు అని రాశాడు. కృపావరం బక్రీదు సంగతి మాత్రమే చదివాడు.

బక్రీదు వచ్చింది, పోయింది.

కిటికీ బయట సాబిరా కూర్చుని ఉండగా అతను ఎవరెవరివో పేర్లు వినేవాడు. లాయల్‌పూర్ జిల్లా కర్తార్ సింగ్. షేఖుపురా నుంచి బయలుదేరిన ఎనిమిదిమందిలో మిగిలిన శాంతి అనే ఆవిడ. అంబాలా నుంచి వెళ్లిన గులాం రసూల్, అతని ముగ్గురు ఆడపిల్లలు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుంటే ఆ పేర్లు నోట్లో తిరిగేవి. రాహేలు చూసి, "నోట్లో ముద్ద పెట్టుకుని ఎవురితో మాట్టాడతావు?" అనేది. ఆరింటికి గొట్టం తీగ తగిలించి మద్రాసు పెట్టగానే వీణ కచేరీయో, వేరుశనగకు పట్టే తెగులు గురించో మొదలయ్యేది. చావడి ముందు చేరిన జనం చుట్టలు వెలిగించుకునేవారు. ఒకే పెట్టెలోంచి ఆ రెండూ ఎలా వస్తున్నాయో అతనికి ఊహకందేది కాదు.

పంచాయతీ ప్రెసిడెంటు గోపాలకృష్ణయ్య ఒకరోజు గది గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి ఎప్పుడూ రాడు.

"బ్యాటరీ వారం కూడా ఆగట్లేదంట గదరా. నరసరావుపేట మిల్లుకు పంపి ఛార్జింగు చేయించి తెచ్చేసరికి మూడు రోజులు పడతంది. ఆ ఢిల్లీ గోల మనకెందుకు?"

"అహ్మదు కబురేమన్నా తెలుస్తదేమోనని బాబుగారూ."

ఆయన కిటికీ వైపు చూశాడు. సాబిరా లేచి నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది. "సరే, పావుగంటే. అంతకుమించి వద్దు" అని వెళ్లిపోయాడు. కృపావరం ముప్పావుగంటా వింటూనే ఉన్నాడు.

నవంబరు వచ్చేసరికి సాబిరా దూది ఏకడం మానేసింది. ఏకే విల్లు దూలానికి వేలాడుతూ ఉండేది. పక్కింట్లో ఉండే కడగొట్టు మరిది మస్తాన్ భార్య గంజి తెచ్చి పెడితే రెండు గుక్కలు తాగి పక్కకు జరిపేది. చావడి దాకా నడవడానికే రెండుచోట్ల కూర్చునేది.

"ఆ తల్లి ఈ చలికాలం దాటదు" అంది రాహేలు ఒకరోజు. "ఒక్క మంచి మాట చెవిన పడితే నాలుగు మెతుకులు తింటదేమో."

ఆ తర్వాత నాలుగైదు రోజులకి, ఒక సాయంత్రం ఢిల్లీ గొంతు మామూలుగా చదువుకుపోతూ, "అహ్మద్, తండ్రి నూర్ మొహమ్మద్" అంది. కృపావరం చేతులు బల్లను గట్టిగా పట్టుకున్నాయి. గొంతు ఆగలేదు. "ఊరు పానిపట్టు, వృత్తి నేతపని. హుమాయూన్ సమాధి క్యాంపులో క్షేమంగా ఉన్నాడు." అంతే, తర్వాతి పేరులోకి వెళ్లిపోయింది.

అతను ఇయర్‌ఫోన్లు తీశాడు. కిటికీలో సాబిరా ముఖం. ఊచల మీద ఆమె వేళ్లు ఎముకలై ఉన్నాయి.

"ఏమన్నా చెప్పిందా నాయనా?"

"చెప్పింది పెద్దమ్మా."

ఆమె ఊచలకు ముఖం ఆనించింది.

"అహ్మద్, నూర్ మొహమ్మద్ కొడుకు, ఢిల్లీ క్యాంపులో క్షేమంగా ఉన్నాడని చెప్పింది."

పానిపట్టు అన్న మాట అతను చెప్పలేదు. సాబిరా ఊచలు పట్టుకునే నేల మీదికి జారి, బిగ్గరగా ఏడ్చింది. ఆరింటి కార్యక్రమానికి వస్తున్నవాళ్లు పరిగెత్తుకొచ్చారు. పావుగంటలో సంగతి ఊరంతా పాకింది. దూదేకుల వీధిలో బెల్లం పొంగలి వండారు. కృపావరం ఇంటికి కూడా గిన్నెడు వచ్చింది. రాహేలు తింటూ, దేవుడు ఉన్నాడంది. అతను తినలేకపోయాడు.

నాలుగు రోజులు కాగానే విల్లు దూలం మీంచి దిగింది. సాబిరా తింటోంది, నవ్వుతోంది, దారినపోయేవాళ్లను పిలిచి మరీ చెబుతోంది. ఆమెను చూసినప్పుడల్లా కృపావరం, చేసింది తప్పు కాదేమో అనుకున్నాడు. నెల గడిస్తే మనిషి గట్టిపడుతుంది, అప్పుడు మెల్లగా చెప్పొచ్చు అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

డిసెంబరు మూడోవారంలో దేవదాసు ఉత్తరం వచ్చింది. అక్టోబరులో కృపావరం రాసినదానికి జవాబు. సెప్టెంబరు ఏడో తేదీ పొద్దున పిండి తెస్తానని వెళ్లిన అహ్మద్ మళ్లీ షెడ్డుకు రాలేదు, ఆ పూట ఆ బజారులో ఎవరినీ వదల్లేదు, నాలుగు రోజుల తర్వాత పోలీసులు చూపించిన చొక్కా తానే గుర్తుపట్టాడు, ఇక ఆశ పెట్టుకోవద్దు, వాళ్ల అమ్మకు ఎట్లా చెబుతావో నువ్వే ఆలోచించుకో అని తెలుగులో, వంకర అక్షరాలతో రాశాడు.

కృపావరం ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాడు. మూడోరోజు చావడి దగ్గర జనం కనిపిస్తే వెళ్లాడు. సాబిరా, మస్తాన్ ప్రెసిడెంటు ముందు నిలబడి ఉన్నారు. ఢిల్లీ వెళ్లి కొడుకును తెచ్చుకుంటాను, క్యాంపు దొరలకు చూపించడానికి ఒక కాగితం రాసిమ్మని ఆమె గోపాలకృష్ణయ్యను అడుగుతోంది.

"రాసిస్తాలే" అంటున్నాడు ఆయన. "మన రేడియోలో చెప్పిన మాటేగా."

"చెప్పలేదు బాబుగారూ" అన్నాడు కృపావరం.

అందరూ అటు తిరిగారు.

"అది మన అహ్మదు కాదు. పానిపట్టు అహ్మదు. నేను విన్నాను. విని కూడా ఊరి పేరు చెప్పలా." ఉత్తరం బయటికి తీశాడు. "మనోడు సెప్టెంబర్లోనే పోయాడు పెద్దమ్మా. మేస్త్రీ రాశాడు. చొక్కా కూడా ఆయనే చూశాడంట."

సాబిరా అతని దగ్గరికి వచ్చి, ఆ కాగితాన్ని ముట్టుకోకుండా చూసింది.

"అప్పుడు రేడియో చెప్పిందన్నావు. ఇప్పుడు కాయితం చెప్పిందంటున్నావు. రెండూ నువ్వు చదివి చెప్పినయ్యేగా నాయనా."

"ఇది కరణంగారి చేత చదివించుకో పెద్దమ్మా. నేను చదవను."

"నాకొద్దు. ముసలిముండ దారిలో చచ్చుద్దని నన్ను ఆపాలని చూస్తున్నావు. నీ మంచితనం నాకు తెలవదా? పేరు చెప్పిందా లేదా? అది చెప్పు. నా పెనిమిటి పేరు, నా కొడుకు పేరు కలిపి చెప్పిందా?"

"చెప్పింది. కానీ..."

"చాలు."

వెనక నుంచి ఎవరో, "సర్కారు రేడియో అబద్ధం చెప్పుద్దా? ఆ మేస్త్రీ ఎవురి చొక్కా చూసి ఎవుడిదనుకున్నాడో" అన్నారు. చాలామంది తలలూపారు. గోపాలకృష్ణయ్య మాత్రం కృపావరాన్ని చాలాసేపు చూసి, "ఊరినంతా వెర్రోళ్లను చేశావు గదరా" అన్నాడు. అయినా ఆమె అడిగిన కాగితం రాసిచ్చాడు. ఆయనన్న మాట ఊళ్లో నిలిచిపోయింది. కృపావరం రేడియో వినకుండానే విన్నానంటాడని కొందరు, విన్నదాన్ని మార్చి చెబుతాడని కొందరు.

జనవరి మొదటివారంలో సాబిరా మస్తాన్‌ను తోడు తీసుకుని గురజాల స్టేషనులో రైలెక్కింది. వాళ్లతో కృపావరం వెళ్లాల్సింది. రాహేలుకు నెలలు నిండుతున్నాయి. కారణం నిజమే. అది లేకపోతే మాత్రం వెళ్లేవాడా అన్నది అతనికే తెలియదు. ఏ ఊరివాళ్లో, ఎవరి కోసం వచ్చారో హిందుస్తానీలో ఒక అట్టముక్క మీద రాసి మస్తాన్ చేతికిచ్చాడు. దేవదాసు చిరునామా దాని వెనక రాశాడు. సాబిరా రైలు కిటికీలోంచి చెయ్యి చాపి అతని తల నిమిరింది.

"నాకోసమే గదా అట్టా చెప్పావు. నీమీద కోపం లేదులే" అంది. ఏ మాట గురించి అన్నదో అతనికి తెలియలేదు.

ఆమె వెళ్లిపోయినా అతను ఐదుంబావుకే తాళం తీసేవాడు. కిటికీ కింద ఎవరూ లేరు.

ముప్పయ్యో తేదీ శుక్రవారం. బ్యాటరీ బాగా దిగిపోయింది. ఛార్జింగుకు వెళ్లిన రెండోది శనివారం రైల్లో రావాలి. ఉన్న కాస్తా ఆరింటి కార్యక్రమానికి దాచాల్సింది పోయి అతను ఢిల్లీ వింటున్నాడు. ఆరు కావస్తుండగా ఉన్నట్టుండి స్టేషను మూగబోయింది. తీగ ఊడిందేమోనని లేచి చూశాడు. అప్పుడు ఒక మగగొంతు వచ్చింది. ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందుస్తానీలో. ప్రార్థనకు వెళుతున్న గాంధీగారిని ఒకడు పిస్తోలుతో కాల్చాడు. ఆయన ఇక లేరు. కాల్చినవాడు హిందువు.

ఆ ఆఖరి మాటను ఢిల్లీ ఇంకోసారి చెప్పింది.

కృపావరం బయటికొచ్చాడు. పాటలకని అప్పటికే యాభైమంది దాకా చేరారు. గోపాలకృష్ణయ్య అన్న కొడుకు పున్నారావు ముందు వరసలో కూర్చున్నాడు.

"గాంధీగారిని కాల్చేశారు" అన్నాడు. "పోయారు. ఇప్పుడే చెప్పారు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఒక ముసలాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత ఎవరో, "ఎవురు?" అన్నారు.

"ఇంకెవురు? తురకోళ్లే అయ్యుంటారు" అన్నాడు పున్నారావు లేస్తూ.

"కాదు. హిందువు. రెండుసార్లు చెప్పారు. హిందువే."

పున్నారావు అతని ముఖంలోకి చూశాడు. "ఎవురు విన్నారు? నువ్వా? అహ్మదు బతికున్నాడనీ నువ్వే గదరా విన్నది."

కృపావరం లోపలికి పరిగెత్తి గొట్టం తీగ తగిలించి, గొంతు పెంచే మీట పూర్తిగా తిప్పాడు. గొట్టం దోమ మూలిగినట్టు మూలిగింది. ఏ భాషో కూడా తెలియలేదు. బ్యాటరీలో గొట్టానికి సరిపడా బలం లేదు. మళ్లీ బయటికొచ్చేసరికి చావడి ముందు సగం మంది లేరు. దూదేకుల వీధి వైపు అరుపులు.

గోపాలకృష్ణయ్య కర్ర పట్టుకుని గబగబా వస్తున్నాడు. కృపావరం ఎదురెళ్లాడు. "బాబుగారూ, మీరొచ్చి వినండి. నా మాట వద్దు. మీరే వినండి."

ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. ఆ గదిలో కాలు పెట్టలేదు ఇంతవరకు. అంటరానివాళ్ల పాలెంలో పుట్టిన కృపావరం చెవులకు ఉండే ఆ ఇయర్‌ఫోన్లను తాకాల్సిన అవసరమూ రాలేదు. కృపావరం వాటిని తన పంచె కొంగుతో తుడిచి చాపాడు. ఆయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపో కాదు, వంద లెక్కపెట్టేంతసేపు ఉంటుందేమో. తర్వాత తలపాగా తీసి, వాటిని చెవులకు తగిలించుకున్నాడు. కృపావరం ముల్లును మద్రాసుకు జరిపాడు. అక్కడ తెలుగులో అదే కబురు చెబుతున్నారు. ఆయన ముఖం చూస్తుండగానే మారిపోయింది. ఇయర్‌ఫోన్లు బల్ల మీద పడేసి, "ఆగండిరా! హిందువేనంట! ఆగండి!" అని అరుస్తూ వీధిలోకి పరిగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి, తలపాగా లేకుండా.

ఆయన మాట విని ఆగారు. అప్పటికే సాబిరా ఇల్లు అంటుకుంది. తాళం వేసున్న ఇల్లు కావడంతో ముందు దాన్నే పట్టారు. లోపలున్న పత్తి క్షణాల్లో పట్టేసింది. పక్కనున్న మస్తాన్ పాక కూడా పోయింది. మస్తాన్ భార్య పిల్లల్ని ఎత్తుకుని పొగాకు చేలకు అడ్డంపడి పారిపోయింది. మనుషులెవరూ పోలేదు. అదే చాలని పెద్దలు తర్వాత చెప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి ఛార్జింగు చేసిన బ్యాటరీ వచ్చింది. అంతిమయాత్ర వినడానికి చుట్టుపక్కల నాలుగు ఊళ్ల జనం వచ్చారు. గొట్టం కంచులా మోగింది. కృపావరం గుమ్మంలో నిలబడి, ఢిల్లీ చెప్పేది మాట మాటకీ తెలుగులో చెప్పాడు. ఈసారి ఎవరూ అనుమానించలేదు. పున్నారావు తలస్నానం చేసి, పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా వచ్చి కూర్చున్నాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. దూదేకులవాళ్లు పదిమంది దూరంగా నిలబడి విన్నారు. వాళ్ల బట్టల్లోంచి పొగ వాసన వస్తోంది. వాళ్లూ ఏడ్చారు. ముందు రోజు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు.

గొట్టంలోంచి లక్షలమంది హోరు వస్తూనే ఉంది. సాబిరా ఆ ఢిల్లీలోనే ఉంది. ఆ హోరులో ఎక్కడో ఉండొచ్చు. ఒక్కో చోట మాట చెప్పడం ఆపేసి కృపావరం వింటూ ఉండిపోయేవాడు. "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని జనం గద్దించేవారు.

మస్తాన్ మార్చి నెలలో ఒక్కడే తిరిగొచ్చాడు. స్టేషను నుంచి నడిచొచ్చి, కాలిన ఇళ్లు రెండూ చూసి, నేరుగా రేడియో గదికి వచ్చాడు. గడ్డం పెరిగి గుర్తుపట్టేట్టు లేడు.

"మీ వదిన ఏదిరా?"

"లాహోరు పోయింది అన్నా."

కృపావరం అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. మస్తాన్ తాగాడు.

"దేవదాసు మేస్త్రీ దగ్గరికి పోయాం. ఆయనా అదే చెప్పాడు. వదిన వినలేదు. క్యాంపులన్నీ తిరిగాం. యాడ అడిగినా అహ్మదులే అన్నా. నూర్ మొహమ్మద్ కొడుకులే ముగ్గురు దొరికారు. ఒక్కడూ మనోడు కాదు. గాంధీగారు పోయినప్పుడు వారం రోజులు గడప దాటలేదు. తర్వాత ఆ సమాధి క్యాంపులో ఒకాయన పుస్తకం చూసి, ఆ అహ్మదు పేరు నవంబర్లో రేడియోలో చదివాం, ఆ తర్వాత స్పెషలు రైల్లో లాహోరు పంపించాం అన్నాడు. ఒక తెలుగు సిపాయి మాకు తెలుగులో చెప్పాడు." మస్తాన్ అతని వైపు చూడకుండా అన్నాడు. "నవంబరు అనగానే వదిన ఇంక ఆగలా. పుస్తకంలో కూడా ఉండాదిగా అంది."

"నువ్వు చెప్పలేదా? పానిపట్టు అని నేను..."

"చెప్పాను. కాళ్లు పట్టుకున్నాను. రైలు కదిలేదాకా పట్టుకున్నాను. నాకు పిల్లలున్నారు అన్నా. నేను ఎక్కలేకపోయా."

"ఆ అట్టముక్క?"

మస్తాన్ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. చెమటకు తడిసి అక్షరాలు అలుక్కుపోయి ఉంది. "నా దగ్గరే ఉండిపోయింది."

ఆమెకు తెలుగు తప్ప రాదు. చింతలగరువు అంటే లాహోరులో ఎవరికి తెలుస్తుంది? గురజాల అన్నా, గుంటూరు అన్నా ఎవరికి తెలుస్తుంది? ఆరయింది. కృపావరం లేచి మద్రాసు పెట్టాడు.

ఆ తర్వాత అతను ఢిల్లీ మానేసి లాహోరు వినడం మొదలుపెట్టాడు. కరణంగారి చేత ఇంగ్లీషులో ఉత్తరాలు రాయించి లాహోరు స్టేషనుకూ అక్కడి క్యాంపు అధికారికీ పంపాడు. సాబిరా, నూర్ మొహమ్మద్ భార్య, వయసు యాభై అయిదు, తెలుగు మాత్రమే మాట్లాడుతుంది. ఒకటి తిరిగొచ్చింది. మిగతావి ఏమయ్యాయో తెలియదు. జూలైలో అటునుంచి ఇటు రావాలంటే పర్మిట్లు కావాలని వార్తల్లో చెప్పారు. ఆ వార్త గొట్టంలోంచి వచ్చినప్పుడు చావడి ముందు ఎవరూ తల కూడా ఎత్తలేదు. సెప్టెంబరులో పటాలాలు కృష్ణ దాటి నైజాంలోకి వెళ్లినప్పుడు మాత్రం చావడి ముందు జనం పట్టలేదు. అన్నాళ్లూ కృపావరానికి పుట్టిన ఆడపిల్ల పెరుగుతూనే ఉంది. పాకడం నేర్చింది. రాహేలు చెబితే చూసేవాడు.

డిసెంబరు ఒకటో తేదీన బెజవాడలో తెలుగు స్టేషను పెట్టారు. పల్నాడంతా పండగ చేసుకుంది. మద్రాసులా గరగరలు లేవు, పక్కింట్లోంచి పిలిచినట్టుగా వినిపించింది. వారం తిరక్కుండా గోపాలకృష్ణయ్య కృపావరాన్ని పిలిపించాడు.

"ఇంక మనకు బెజవాడ ఒకటి చాలు. ముల్లు అక్కడే ఉండేట్టు సీలు వేయించమని పై నుంచి కాయితం కూడా వచ్చింది. బ్యాటరీ కలిసొస్తది." తర్వాత మెత్తగా అన్నాడు, "ఏడాది విన్నావు గదరా. ఇంక వదిలెయ్."

లక్క కరిగించి ముల్లు మీటకు సీలు వేసింది కృపావరమే. ఆ పని చెయ్యడం ఊళ్లో అతనికే వచ్చు.

ఆరోజు సాయంత్రం ఆరింటికే వచ్చి తాళం తీశాడు. జనంతోపాటు మస్తాన్ కూడా వచ్చాడు. పని ముగించుకుని తిన్నగా వచ్చినట్టున్నాడు, వెంట్రుకల్లో దూది పింజలున్నాయి. కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు.

"లాహోరు ఏమన్నా చెప్పిందా అన్నా?"

"లాహోరు ఇంక రాదు మస్తానూ."

"రాదా?"

"రాదు."

మస్తాన్ సరే అన్నట్టు తలూపి, వెళ్లి జనంలో కూర్చున్నాడు. బెజవాడ నుంచి ఒక నాటిక మొదలైంది. గయ్యాళి అత్తా, వెర్రిబాగుల అల్లుడూ. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఒకచోట మస్తాన్‌కూ నవ్వొచ్చింది. నవ్వాడు. కృపావరం లోపల బల్ల దగ్గర కూర్చుని అది చూశాడు. ఎనిమిదింటిదాకా అతను చెయ్యాల్సిన పనంటూ ఏదీ లేదు.